టోపీల లెక్క

ఫుట్‌బాల్‌కు పుట్టిల్లు ఇంగ్లండ్. 1863లో కూర్చుని ఆటకు నియమాలు రాసుకున్నది వాళ్ళే. 1966లో ప్రపంచకప్ గెలిచారు. ఆ తరువాత యాభై ఏళ్ళకు పైగా వారి పురుషుల జట్టుకు అది మళ్ళీ దక్కలేదు. ఆటగాళ్ళు లేకనా? కానే కాదు. బంతితో మాయ చేయగలిగిన వాళ్ళు ప్రతి తరంలోనూ అక్కడ పుట్టారు. వాళ్ళను నమ్మే ధైర్యం ఎంపిక చేసేవాళ్ళకు లేకపోయిందని నా అభిప్రాయం.

ఇంగ్లండ్ గొడవ మన హాస్టల్ సంచికలో ఎందుకు అంటారేమో. సెలక్షన్స్‌కు వెళ్ళి, పది నిమిషాలు ఆడగానే "నువ్వు పక్కన నిలబడు" అనిపించుకున్నవాళ్ళు మనలో తక్కువేమీ కాదు. 2003 క్రికెట్ ప్రపంచకప్ జట్టులో మన లక్ష్మణ్ పేరు లేదని తెలిసి అన్నం సయించని సీనియర్లు కూడా ఈ సంచిక చదువుతారు. ఎంపిక చేసేవాడి మనసు ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఇంగ్లండ్ కథే చూడాలి.

అక్కడ దేశం తరఫున ఆడినవాడికి టోపీ ఇచ్చే ఆనవాయితీ ఉంది. అందుకే ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు అనరు, ఎన్ని టోపీలు అంటారు. మన భాషలో టోపీ పెట్టడమంటే వేరే అర్థం ఉందనుకోండి. ఈ కథలో రెండు అర్థాలూ పనికొస్తాయి.

మాట్ లె టిస్సియే సంగతి చూడండి. గ్వెర్న్సీ అనే చిన్న దీవిలో పుట్టినవాడు. 1986 నుంచి 2002 దాకా సౌతాంప్టన్ అనే ఒకే ఒక్క క్లబ్బుకు ఆడాడు. అదేమీ కప్పులు కొట్టే క్లబ్బు కాదు, ఏటేటా కింది డివిజన్‌కు జారిపోకుండా బతికితే చాలనుకునే జట్టు. అలాంటి జట్టులో ఉండి, ప్రీమియర్ లీగ్‌లో నూరు గోల్స్ చేసిన మొట్టమొదటి మిడ్‌ఫీల్డర్ అయ్యాడు. సౌతాంప్టన్ తరఫున 48 పెనాల్టీలు తీసుకుంటే 47 లోపలికి వెళ్ళాయి. మరి దేశం ఇచ్చిన టోపీలు? ఎనిమిది. వాటిలో మొదటి నుంచి ఆడనిచ్చినవి కొన్నే. అందులోనూ ఒకటి 1995లో డబ్లిన్‌లో ప్రేక్షకుల గొడవ వల్ల అరగంటైనా సాగకుండా ఆగిపోయింది. 1997 ఫిబ్రవరిలో ఇటలీ మీద వెంబ్లీలో ఆడించి, గంట గడిచాక బయటికి పిలిచారు. అంతే, మళ్ళీ దించలేదు. 1998 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ 'బి' జట్టుకు ఆడి రష్యా 'బి' మీద మూడు గోల్స్ కొట్టాడు. అయినా ఆ ఏడాది ప్రపంచకప్ జట్టులో పేరు రాలేదు.

ఆ ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ అర్జెంటీనా చేతిలో ఓడింది పెనాల్టీలలో. చివరి పెనాల్టీ కొట్టిన డేవిడ్ బ్యాటీ అంతకుముందు పెద్ద మ్యాచ్‌లలో పెనాల్టీ కొట్టి ఎరగనివాడు. పాపం, ముందుకు రావడమే ఆయన ధైర్యం, ఆయన్ని అనడానికి లేదు. కాని నలభై ఎనిమిదికి నలభై ఏడు కొట్టినవాడు ఆ రాత్రి ఇంట్లో ఉన్నాడు.

ఇంతకూ లె టిస్సియేను వదిలేసిన మేనేజర్ ఎవరనుకున్నారు? గ్లెన్ హాడిల్! నాకు ఈ కథలో మింగుడుపడనిది ఇదే. హాడిల్ అంటే తన కాలంలో ఇదే అన్యాయానికి గురైనవాడు. రెండు కాళ్ళతోనూ నలభై గజాల దూరానికి బంతిని చేత్తో పెట్టినట్టు పెట్టేవాడు. 1979 నవంబరులో బల్గేరియా మీద తొలి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. తరువాతి మ్యాచ్‌కు తీసేశారు! 1988 దాకా రానిస్తూ, తీసేస్తూ 53 టోపీలు ఇచ్చారు. 1987లో ఫ్రాన్స్ లీగ్‌లో ఆడే మొనాకోకు వెళితే అక్కడ ఆర్సెన్ వెంగర్ అతని చుట్టూ జట్టును కట్టి, 1988లో లీగ్ గెలిచాడు. అలాంటి మనిషి తాను కుర్చీ ఎక్కాక మరో కళాకారుణ్ణి బయట నిలబెట్టాడు. దెబ్బ తిన్నవాడికి నొప్పి తెలుస్తుందంటారు గాని, కుర్చీకి ఓటమి భయం ఒకటి ఉంటుంది. అది ఎక్కినవాణ్ణల్లా పట్టుకుంటుంది కాబోలు.

ఆ భయానికి పునాది 1966 గెలుపులోనే పడిందని నాకనిపిస్తుంది. ఆ టోర్నమెంటులో జిమ్మీ గ్రీవ్స్ అనే గొప్ప గోల్స్‌వీరుడు కాలికి దెబ్బ తగిలి పక్కకు తప్పుకున్నాడు. అతని స్థానంలో వచ్చిన జెఫ్ హర్స్ట్ ఫైనల్‌లో మూడు గోల్స్ కొట్టాడు. మేనేజర్ రామ్సే చేసింది అప్పటికి సరైనదే. కాని దాన్నుంచి జనం నేర్చుకున్న పాఠం తప్పు. కళ కంటే పరుగు మిన్న అనుకున్నారు. ఆ జట్టుకు ప్రాణం పోసిన బాబీ చార్ల్‌టన్ కళాకారుడే కదా, ఆ సంగతి మరిచిపోయారు!

తరువాతి పదేళ్ళలో ఏం జరిగిందో టోపీల లెక్కే చెబుతుంది. స్టాన్ బోల్స్‌కు 5, ఫ్రాంక్ వర్తింగ్టన్‌కు 8, టోనీ కరీకి 17. అలన్ హడ్సన్ 1975లో తన తొలి మ్యాచ్‌లో, అప్పటి ప్రపంచ విజేత పశ్చిమ జర్మనీని వెంబ్లీలో 2-0తో ఓడించిన జట్టులో ఆడాడు. ఆ తరువాత మరొక్క మ్యాచ్, అంతటితో సరి. వీళ్ళంతా మంచి వయసులో ఉన్న రోజుల్లోనే 1974, 1978 ప్రపంచకప్‌లకు ఇంగ్లండ్ అర్హత కూడా సాధించలేదు.

ఎదుటివాదం లేకపోలేదు. బోల్స్‌కు జూదం పిచ్చి. లె టిస్సియేకు పరుగెత్తడమంటే బద్ధకం, పెద్ద క్లబ్బుకు పోయే ఆశా లేదు. నిజమే. కష్టపడేవాళ్ళంటే నాకు చిన్నచూపు లేదు, మనమందరం కష్టజీవుల పిల్లలమే. కాని లెక్క ఒకటే ఉండాలి కదా? కళాకారుడు ఒక పాస్ తప్పితే ఇంటికి పంపుతారు, మామూలు ఆటగాడు పది తప్పినా "పాపం, చెమటోడ్చాడు" అంటారు. ఇది ఆగిపోయిన జబ్బు అనుకోకండి. 2024 యూరో ఫైనల్‌లో కోల్ పామర్‌ను 70వ నిమిషంలో దించారు. మూడు నిమిషాల్లో గోల్ కొట్టాడు. ఇంగ్లండ్ ఆ మ్యాచ్ 2-1తో స్పెయిన్ చేతిలో ఓడింది. ఆ టోర్నమెంటులో పామర్ ఒక్క మ్యాచ్ కూడా మొదటి నుంచి ఆడలేదు.

మేనేజరుకు పూర్తి అధికారం రాకముందు, అంటే 1960ల తొలినాళ్ళ దాకా, జట్టును కమిటీ పెద్దలు ఎంచేవారు. లెన్ షాకిల్టన్ 1954 డిసెంబరులో పశ్చిమ జర్మనీ మీద గోల్ కొట్టాడు. ఆ తరువాత పిలుపు రాలేదు. మొత్తం అయిదు టోపీలు. మరుసటి ఏడు ఆయన ఆత్మకథ రాస్తూ, క్లబ్బు డైరెక్టర్లకు ఆట గురించి ఎంత తెలుసు అనే అధ్యాయం పేరు కింద పేజీ ఖాళీగా వదిలేశాడు. ఇంతకంటే మంచి విమర్శ నేను చదవలేదు.

అదే కమిటీల కాలంలో జాక్ లెస్లీ అనే ఆటగాడున్నాడు. తండ్రి జమైకా నుంచి వచ్చినవాడు. ప్లిమత్ అర్గైల్ క్లబ్బుకు సుమారు 400 మ్యాచ్‌లలో 137 గోల్స్ చేశాడు. 1925లో ఇంగ్లండ్ జట్టుకు ఎంపికయ్యాడు, తరువాత పేరు తీసేశారు. తన ఒంటి రంగు తెలిశాకే అలా జరిగిందని ఆయన చెప్పుకున్నాడు. ఇక్కడ పరుగు, కళ అనే చర్చే రాలేదు, బంతి తన్ననివ్వకముందే తీర్పు అయిపోయింది. వయసు మళ్ళాక వెస్ట్ హామ్ క్లబ్బులో ఆటగాళ్ళ బూట్లు శుభ్రం చేసే పని చేశాడు. 1988లో కన్నుమూశాడు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఆయనకు గౌరవ టోపీ ఇచ్చింది 2023లో. ఆయన కుటుంబం అందుకుంది.