తెల్ల గోడకి తెల్ల రంగెందుకు?

ఊళ్లో అమ్మమ్మ వాళ్ల ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్లు వచ్చే నెల పడగొట్టి కొత్తది కడతారట. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో ఈ మెసేజ్ చూసిన రోజే డిసైడ్ అయ్యా, అది పోయేలోపు ఒక్కసారైనా నీటిరంగుల్లో వేయాలని. ఫోన్‌లో ఫొటోలు వందల్లో ఉన్నాయి. కానీ ఫొటోకి సెకను చాలు. బొమ్మ వేయాలంటే ఇంటి ముందు గంటసేపు కూర్చోవాలి. నాకు కావాల్సింది ఆ గంటే.

మొదటిసారి అట్టర్ ఫ్లాప్. సున్నం గోడ కదా అని తెల్ల రంగు పూశా, నీడల్లో నలుపు కలిపా. ఎండలో మెరిసే ఇల్లు కాస్తా వానకి తడిసిన సిమెంటు బస్తాలా తయారైంది.

అప్పుడు దొరికాడు జాన్ సింగర్ సార్జెంట్. 1856లో ఇటలీలో పుట్టిన అమెరికన్. పెద్దింటివాళ్ల పోర్ట్రెయిట్లతో బోలెడు పేరు, డబ్బు వచ్చాక, 1907 ప్రాంతంలో ఆ ఆర్డర్లు చాలావరకు మానేసి రంగుల పెట్టెతో ఎండలోకి వెళ్లిపోయాడు. మన భాషలో, మంచి ప్యాకేజీ వదిలేసినట్టు!

1909లో గ్రీసు దీవి కోర్ఫులో ఓ తెల్ల ఇంటిని వేశాడు. పేరు 'కోర్ఫు: లైట్స్ అండ్ షాడోస్'. ఇప్పుడది బోస్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో ఉంది. వారం రోజులు దాన్నే ఫోన్‌లో జూమ్ చేసి చూశా. ఎండ పడ్డ గోడ దాదాపు ఒట్టి కాగితమే! వేసిందల్లా నీడలు. అవసరమైన చోట సార్జెంట్ తెల్ల రంగూ వాడేవాడు, కానీ ఇక్కడ వెలుగంతా కాగితానిదే.

నీడలూ నల్లగా లేవు. ఎండ తగలని చోట ఆకాశం వెలుగు పడుతుంది కాబట్టి నీలం, ఊదా. చూరు కింద నేల మీంచి ఎగిరొచ్చే వెలుగు కాబట్టి కాస్త పసుపు వెచ్చదనం. సున్నంలో అమ్మమ్మ నీలిమందు ఎందుకు కలిపేదో అప్పుడర్థమైంది. కాస్త నీలం కలిస్తే పసుపు ఛాయ తగ్గి తెలుపు ఇంకా తెల్లగా కనిపిస్తుంది.

రెండు ఆదివారాలు అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఎదురింటి గోడతో ప్రాక్టీస్ చేశా. 300 జీఎస్ఎం కాగితం తీసుకోండి, పల్చటిదైతే తడికి ముడతలు పడుతుంది. అల్ట్రామెరైన్ నీలంలో కాస్త బర్న్ట్ సియెన్నా కలిపితే మంచి నీడ రంగు. తడి ఆరకముందే రెండో రంగు వదలండి, అవే కలుస్తాయి. తర్వాత కుంచెతో కెలికారా, బురదే. కంట్రోల్ జెడ్ లేదిక్కడ. ఇంకోటి, ఎండ మన కోసం ఆగదు. నీడ అంచులు ముందే పెన్సిల్‌తో గీసేసుకోండి. తర్వాత అది జరిగినా మీరు మార్చొద్దు.

పోయిన ఆదివారం మళ్లీ ఊరెళ్లా. కప్పు వంకరొచ్చింది, తలుపు గోడకి అతికించినట్టుంది. గోడ మాత్రం వెలిగింది. దాని మీద నేను వేసింది వేపచెట్టు నీడ ఒక్కటే.

మామయ్య వాళ్లింట్లో ఉన్న అమ్మమ్మకి చూపించా. కళ్లజోడు సర్దుకుని, "గోడకి రంగెయ్యలేదేంట్రా?" అంది. నేను సార్జెంట్ గురించి మొదలుపెట్టేలోపే మళ్లీ అంది.

"పొద్దున తొమ్మిదింటికి వేశావు కదూ? వేప నీడ కిటికీ దాకా వస్తే, పాలు కాచే టైమైందని లేచేదాన్ని."

నేను కూర్చుంది సరిగ్గా తొమ్మిదింటికే.