పరదేశపు పంతులు - ఏటేటి పరీక్ష

పరదేశములో పాఠము చెప్పు ఉపాధ్యాయునికి పరీక్షలు రెండు. తన విద్యార్థులకు అతడు పెట్టునది ఒకటి. ఆ దేశపు వలసశాఖవారు అతనికి పెట్టునది మరియొకటి. మొదటి పరీక్షలో ఉత్తీర్ణుడైన బాలుడు పైతరగతికి పోవును. రెండవదానిలో ఉత్తీర్ణుడైన పంతులు మాత్రము మరల మొదటి తరగతిలోనే కూర్చొనును. పదియేండ్లు పాఠము చెప్పినను అంతే, నిన్న విమానము దిగినను అంతే. వీసా గడువు తీరు దినము దగ్గరపడిన కొలది ఆ ఇరువురును ఒకే కిటికీ ముందు, ఒకే కాగితముల కట్టతో నిలువవలసినవారే.

మన ప్రభుత్వ పాఠశాలలలోని ఉపాధ్యాయునకు సర్వీసు రిజిస్టరు అను పుస్తకమొకటి కలదు. దానిని గూర్చి చమత్కారములకు కొదువ లేదు. అందులో ఒక్క పేజీ తప్పిపోయినచో పింఛను నాటికి పడు పాట్లను గూర్చి కథలకును కొదువ లేదు. అయినను అది ఒక గొప్ప భావమునకు గుర్తు. ఒకడు గడిపిన సేవాకాలము అతని సొత్తనియు, ఇంక్రిమెంటులోను, పదోన్నతిలోను దానికి విలువ కట్టవలెననియు ఆ పుస్తకము చెప్పుచున్నది. పరదేశపు పంతులునకు లేనిది సరిగా ఆ పుస్తకమే.

దక్షిణ కొరియా సంగతి ఇందుకు మంచి ఉదాహరణము. ఆ దేశమువారికి ఆంగ్లముపై గల మక్కువ లోకమెరిగినది. ప్రభుత్వ పాఠశాలలకు విదేశీయులను రప్పించు ‘ఎపిక్’ అను పథకము 1995 లో మొదలైనది. దానికి తోడు ‘హాగ్వాన్’ అను పేర వీధివీధిని వెలసిన ప్రైవేటు విద్యాలయములు ఉండనే యున్నవి. ఇట్టి ఉపాధ్యాయులకిచ్చు వీసాను ‘ఇ-2’ అందురు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజిలాండు, దక్షిణాఫ్రికా - ఈ ఏడు దేశములలో ఒకదాని పౌరుడై, ఏదో ఒక విషయములో పట్టా గలిగియుండుట దీనికి మూలార్హత. పట్టా ఏ విషయములోనిదైనను సరే. భూగర్భశాస్త్రమైనను అభ్యంతరము లేదు.

2007 అక్టోబరులో థాయిలాండులో ఒక కెనడా దేశీయుడు పట్టుబడినాడు. బాలురపై అత్యాచారములు చేసి, ఆ చిత్రములలో తన ముఖమును చెరపి దాచిన నేరస్థుడు అతడే. అంతకుముందు కొరియాలో పాఠములు చెప్పినవాడని తెలియగానే ఆ దేశము ఉలికిపడినది. ఉలికిపడుట సహజమే. తమ పిల్లలను ఎవరి చేతిలో పెట్టుచున్నామో తెలిసికొనగోరని తల్లిదండ్రులుందురా? ఆ సంవత్సరము డిసెంబరు నుండి ఇ-2 వీసాకు క్రొత్త నిబంధనలు వచ్చినవి. స్వదేశమునుండి నేరచరిత్ర లేదను ధ్రువపత్రము తేవలెను. వైద్యపరీక్ష చేయించుకొనవలెను, అందులో మాదకద్రవ్యముల పరీక్షయు, హెచ్.ఐ.వి. పరీక్షయు చేరినవి.

ఇచ్చట ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలసియున్నది. నేరచరిత్ర పత్రమును అడుగుట న్యాయము. దానిని తెచ్చుట కష్టమైనను ఆ కష్టము పడదగినదే. కాని రక్తపరీక్షకును బాలరక్షణకును సంబంధమేమి? రక్తములో రోగక్రిములు కనబడవచ్చును గాని మనుజుని నడవడి కనబడదు. తరగతి గదిలో లెక్కలో, వ్యాకరణమో చెప్పుట వలన ఆ రోగము వ్యాపింపదని వైద్యశాస్త్రము అప్పటికి ఎన్నడో తేల్చియున్నది. ఇంతకును ఈ పరీక్ష అందరికిని ఉన్నదా యన్న, లేదు. అదే బడిలో అదే పాఠము చెప్పు కొరియా పౌరునికి లేదు. విదేశీ పౌరసత్వమున్నను కొరియా వంశమున పుట్టినవానికి లేదు. అనగా పరీక్ష వృత్తికి కాదు, పుట్టుకకు.

ఈ మాటను గట్టిగా అడిగిన వ్యక్తి న్యూజిలాండునుండి వచ్చిన ఒక ఉపాధ్యాయిని. ఆమె 2008 లో ఉల్సాన్ నగరములోని ఒక ప్రాథమిక పాఠశాలలో చేరినది. చేరినప్పుడు అడిగిన పరీక్షలన్నియు చేయించుకొన్నది. సంవత్సరము గడచినది. బడివారికి ఆమె కావలెను, ఆమెకు బడి కావలెను. అట్టి సమయమున ఒప్పందము పొడిగింపవలెనన్న మరల హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకొనవలెనని విద్యాశాఖ కార్యాలయమువారు కోరిరి. ఆమె నిరాకరించినది. రోగభయముచేత కాదు. తన తోటి కొరియా ఉపాధ్యాయులకు లేని పరీక్ష తనకేల యనునదే ఆమె ప్రశ్న. 2009 లో ఆమె ఉద్యోగము పోయినది. దేశము వీడవలసి వచ్చినది.

ఆ దేశములోని మధ్యవర్తుల యెదుట ఆమెకు న్యాయము జరుగలేదు. 2012 లో ఐక్యరాజ్యసమితికి చెందిన జాతివివక్షా నిర్మూలన సంఘమునకు ఆమె ఫిర్యాదు చేరినది. 18 మంది నిపుణులు గల ఆ సంఘము 2015 మేలో తన అభిప్రాయమును ప్రకటించినది. ఈ పరీక్షకు ప్రజారోగ్యముతో గాని మరియొక కారణముతో గాని సమర్థన లేదనియు, ఆమెకు పని చేయు హక్కు వివక్షచే భంగపడినదనియు తేల్చినది. ఆ అభిప్రాయములో ఒక విషయము మిక్కిలి గమనింపదగినది. విదేశీ ఉపాధ్యాయుల నీతిని, విలువలను తెలిసికొనుటకు ఒక సాధనముగా ఈ పరీక్షను చూచుచున్నట్లు, మధ్యవర్తుల యెదుట విచారణ జరిగినప్పుడు విద్యాశాఖ కార్యాలయమువారే అంగీకరించియుండిరి. నీతిని సూదితో తీసి సీసాలో పోసి చూడవచ్చునని విద్యాశాఖవారే భావించినచో ఇక ఉపాధ్యాయుడు పిల్లలకు బోధింపవలసిన నీతి ఎట్టిదో!

2016 లో కొరియా జాతీయ మానవహక్కుల కమిషను ఈ పరీక్షను తొలగింపవలెనని సిఫారసు చేసినది. 2017 లో ప్రభుత్వము తొలగించినది. 2019 లో సియోల్ న్యాయస్థానము ఆ ఉపాధ్యాయినికి 3 కోట్ల వాన్‌ల నష్టపరిహారము చెల్లింపవలెనని తీర్పు చెప్పినది. ఉద్యోగము పోయిన పదియేండ్లకు వచ్చిన సొమ్మది. ఆ పదియేండ్లలో ఉల్సాన్‌లోని ఆమె తరగతి పిల్లలు బడి దాటి యౌవనములో ప్రవేశించియుందురు.

ఒక నిబంధన తొలగినది, పద్ధతి తొలగలేదు. ఇ-2 వీసా ఉపాధ్యాయునిది అని పేరే గాని, దాని పగ్గము యజమాని చేతిలో ఉన్నది. ఒప్పందము ఎన్నాళ్ళో నివాసము ఇంచుమించు అన్నాళ్ళే. ఒక్కసారికి మంజూరగు కాలము రెండేండ్లకు మించదు. నడుమ ఒక బడి విడిచి మరియొక బడికి పోవలెనన్న పాత యజమాని విడుదలపత్రము వ్రాసి యీయవలెను. మన పంతుళ్ళకు రిలీవింగ్ ఆర్డరు అనిన తెలియనిది కాదు. కాని ఇచ్చట రిలీవింగ్ ఆర్డరు ఆలస్యమైనచో జీతము ఆలస్యమగును. అచ్చట విడుదలపత్రము రాకపోయినచో దేశమే విడువవలసి రావచ్చును. ఈ భేదము చిన్నది కాదు. జీతము సరిగా ఈయని యజమానిని అడుగుటకు నోరు రాకుండ చేయునది ఇదే. కొలువును, గూడును, దేశములో నిలుచు హక్కును ఒకే చేతిలో పెట్టి, ఆ చేయి ధర్మముగా నడచుకొనవలెనని కోరుట పాలకులకు తగిన పని కాదు.

ఇక అనుభవము మాట. ప్రభుత్వ పాఠశాలలో ఒప్పందము పొడిగించు వేళ బడివారు ఉపాధ్యాయుని పనిని చూచి మార్కులు వేయుదురు, అది మంచిదే. ఆ మార్కులు వలసశాఖ కిటికీవద్ద చెల్లవు. అచ్చట కావలసినవి ఒప్పందపు ప్రతి, నివాస ధ్రువము, పన్ను చెల్లించిన దాఖలా. ఇట్లు ఏటేటా కాగితములు మోయలేక, కొన్నేండ్లు గడచిన పిమ్మట కొందరు ఉపాధ్యాయులు దీర్ఘనివాసపు వీసాకు ప్రయత్నింతురు. దానికి మార్కుల పట్టిక యొకటి కలదు. వయసునకు, చదువునకు, కొరియా భాషాజ్ఞానమునకు, ఆదాయమునకు మార్కులు. మొత్తము 80 వచ్చిన ఉత్తీర్ణుడు. భాష నేర్వవలెననుట మెచ్చదగినది. ఒక జాతి పిల్లలకు పాఠము చెప్పువాడు ఆ జాతి మాట నేర్వకుండుటయే తప్పు. కాని వయసు సంగతి చూడుడు. ముప్పదిలోపు వానికి అన్నిటికన్న ఎక్కువ మార్కులు. అటు తరువాత ఏండ్లు గడచిన కొలది అవి తగ్గును. ఉపాధ్యాయునకు అనుభవము వచ్చునది ఏండ్లు గడచుటవలననే గదా! నలుబదియైదేండ్ల పంతులు తాను సంపాదించిన నేర్పునకు ప్రతిఫలముగా మార్కులు పోగొట్టుకొనుచున్నాడు. కర్మాగారములో బరువులెత్తువానికి ఈ కొలత కొంత నప్పునేమో గాని, తెల్లజుట్టు గౌరవచిహ్నముగా ఉండు వృత్తికి ఇది నప్పదు. అందును, గురువును పితృసమానునిగా ఎంచు కన్ఫ్యూషియసు సంప్రదాయముగల దేశమున!

ఈ ద్వారము భారతీయులకును కొంత తెరువబడినది. 2009 ఆగస్టులో భారత, కొరియా ప్రభుత్వములు ఒక సమగ్ర ఆర్థిక ఒప్పందముపై సంతకములు చేసినవి. 2010 జనవరి 1 నుండి అది అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము భారతీయులు ఆంగ్లబోధనలో సహాయకులుగా పోవచ్చును. అయితే పట్టా ఒక్కటి చాలదు, ఆంగ్లబోధనలో ఉపాధ్యాయ శిక్షణార్హతయు ఉండవలెను. ఏడు దేశములవానికి భూగర్భశాస్త్రపు పట్టా చాలును. గుంటూరులోనో, వరంగల్లులోనో ఆంగ్లము బోధించి బి.ఇడి. చేసినవాడు మాత్రము దానిని రుజువు చేయవలెను. శిక్షణ అడుగుట తప్పని ఎవ్వరును అనరాదు, అందరిని అడుగవలసినదే. పాస్‌పోర్టు రంగును బట్టి శిక్షణ అవసరమో కాదో తేలుటయే వింత. పైగా ఆ పట్టాకు ముందు రాష్ట్రప్రభుత్వము ధ్రువీకరణ, పిమ్మట విదేశాంగశాఖవారి అపోస్టిల్ ముద్ర, దానితోపాటు పాస్‌పోర్టు కార్యాలయమునుండి పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్టు కావలెను. అపోస్టిల్ ముద్ర మన దేశమునకు 2005 నుండియే ఉన్నది. కెనడాకు 2024 జనవరి వరకు లేదు. ఈ ఒక్క విషయములో మనము కెనడావారికన్న ముందుంటిమి.

తెలుగునాట ఎక్కువమంది చూపు కొరియాపై కాదు, అమెరికాపై. అచ్చటి పాఠశాలలకు మన ఉపాధ్యాయులు పోవు మార్గములలో ‘జె-1’ వినిమయ వీసా ఒకటి. దానికి రెండేండ్ల బోధనానుభవము ఉండితీరవలెను, ఇంతవరకు మేలే. కాలము మూడేండ్లు; బడివారు కోరినచో మరి యొకటి రెండేండ్లు పొడిగింతురు. ఐదేండ్లు నిండిన వెనుక ఎంత మంచి పంతులైనను మూటకట్టవలసినదే; రెండేండ్లు ఆ దేశము వెలుపల గడపిన గాని మరల ఆ పథకములో చేరుటకు వీలు లేదు. ఇది సంస్కృతుల వినిమయమునకు ఏర్పడిన పథకమనియు, నేర్చినదానిని స్వదేశమునకు కొనిపోవలెననియు వారి వాదము. అందులో నిజము లేకపోలేదు. కాని ఉపాధ్యాయులు దొరకక ఖాళీలు నింపుకొనుటకు బడులు ఈ మార్గమునే ఆశ్రయించుచున్నప్పుడు, వినిమయమను పేరు ఎంతవరకు నిలుచును? గణితము చెప్పు పంతులు ఐదవయేట పిల్లల ఉచ్చారణకు, ఆ బడి తీరునకు అలవాటుపడి, నిజముగా పనికివచ్చు వేళకు అతనిని పంపివేసి, మరియొక క్రొత్తవానిని మొదటినుండి అలవాటు చేయుదురు. నష్టము పంతులుకన్న ముందు ఆ పిల్లలది.

తన గడపలోనికి ఎవరు రావలెనో, ఎన్నాళ్ళుండవలెనో నిర్ణయించుకొను అధికారము ప్రతి దేశమునకు ఉన్నదని కొందరందురు. ఉన్నది, కాదనువారు లేరు. అయితే అధికారము ఒకటి, దానిని వాడు తెలివి మరియొకటి. జపానులో పాఠశాలలలో బోధించు విదేశీయునకు నివాసకాలము మూడు నెలలు, ఒక ఏడు, మూడేండ్లు, ఐదేండ్లు అని మెట్లుమెట్లుగా ఉన్నది. మొదట ఒక ఏడు పొందినవాడు సక్రమముగా నడచుకొనినచో మూడేండ్లు, పిమ్మట ఐదేండ్లు పొందవచ్చును. పదియేండ్లు నివసించినవాడు శాశ్వతనివాసమునకు అడుగవచ్చును. జపానువారు ఉదారులని ఎవరును చెప్పుకొనరు. వలస విషయములో వారు మిక్కిలి బిగువైనవారే. అయినను గడచిన కాలము ఒక లెక్కలోనిదని వారి పట్టిక ఒప్పుకొనుచున్నది.

కొరియాకు గాని మరియొక దేశమునకు గాని ఇంతకన్న కష్టమైన పని అక్కరలేదు. నేరచరిత్ర పత్రమును అడుగుడు, స్వదేశీయ ఉపాధ్యాయుని అడిగినట్లే అడుగుడు. ఐదేండ్లు ఒకే దేశములో పాఠము చెప్పినవాని నివాసమును యజమాని సంతకమునుండి విడదీసి అతని చేతికే ఈయుడు. మార్కుల పట్టికలో ‘వయసు’ అను గడి ప్రక్కన ‘బోధించిన ఏండ్లు’ అను గడి యొకటి గీయుడు. ఆ గడిలో అంకె వేయుటకు రుజువు కావలెనన్న బడి హాజరుపట్టీలున్నవి. అందులో పిల్లల పేర్లున్నవి, ప్రతి దినము ఆ పంతులు చేసిన సంతకమున్నది.