కేసుషీటులో లేని పని

ఫిబ్రవరి 4 దగ్గర పడుతోందంటే హైదరాబాదు ఆఫీసుల్లో ఒక సందడి మొదలవుతుంది. ఆ రోజు ప్రపంచ కేన్సర్ దినం. నేను చాలా ఏళ్ళు అకౌంట్లు రాసిన ఆఫీసులో వారం ముందే మెయిల్ వచ్చేది. ప్రపంచవ్యాప్తంగా కేన్సర్ బారిన పడినవాళ్ళ గౌరవార్థం ఉద్యోగులందరూ స్వచ్ఛందంగా రెండు గంటలు ఇవ్వాలని. రిబ్బన్లు కత్తిరించడం, కార్డుల మీద ధైర్యవచనాలు రాయడం, అందరూ ఒకే రంగు టీషర్టులు వేసుకుని రోడ్డు చివరిదాకా నడవడం, చివర ఒక గ్రూపు ఫోటో. రాకపోతే ఎవరూ ఏమీ అనరు. కానీ వచ్చిన గంటల్ని అప్రైజల్ ఫారంలో ఒక గడిలో నింపాలి. జీతం పెంచేవాడు చూసే కాగితం మీద ఉన్న పనిని స్వచ్ఛందం అని ఎలా పిలుస్తామో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నా కోపం నాతో పాటు కార్డులు రాసిన ఆడపిల్లల మీద కాదు. వాళ్ళలో చాలామంది మనసు పెట్టే రాశారు. ఒకామె తల్లి గుర్తొచ్చి రాస్తూ రాస్తూ ఏడ్చింది కూడా. నా గొడవల్లా ఆ కన్నీటిని ఫోటోగా మార్చుకునే ఏర్పాటుతో. జబ్బుపడిన మనిషిని ‘గౌరవించడం’ అనే పేరుతో, ఆమె ఏం పనిచేసి బతికింది, ఎవరు ఆమెకు సెలవివ్వలేదు, ఎవరు ఆమె పక్కన కూర్చుని జీతం పోగొట్టుకున్నారు అనే ప్రశ్నలన్నిటినీ మర్యాదగా పక్కకి తోసే పద్ధతితో.

అదే ఆఫీసులో మా అంతస్తు ఊడ్చే ఒకామెకి రొమ్ములో గడ్డ బయటపడింది. ఆమె కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి. రెండు కీమోలు అయ్యేసరికి ఆమె చీపురు ఇంకొకరి చేతిలో ఉంది. తీసేశామని ఎవరూ చెప్పలేదు, గేటు పాసు పనిచేయలేదంతే. ఆ ఫిబ్రవరిలో కూడా మేం రిబ్బన్లు పెట్టుకున్నాం. ‘ప్రపంచవ్యాప్తంగా’ అన్న ఆ విశాలమైన మాటలో మా అంతస్తు లేదు!

ఈ రోజు, ఈ రిబ్బను ఎక్కడినుంచి వచ్చాయో ఒకసారి చూద్దాం. 2000 సంవత్సరం ఫిబ్రవరి 4న పారిస్‌లో కేన్సర్ మీద జరిగిన ప్రపంచ సదస్సులో ఒక చార్టర్ మీద సంతకాలు చేశారు. రోగుల హక్కులు మానవహక్కులే అని అందులో రాసుకున్నారు. అంటే ఈ రోజు పుట్టుక హక్కుల భాషలోనే జరిగింది. మన ఆఫీసులకు వచ్చేసరికి హక్కు జారిపోయి గౌరవం మాత్రం మిగిలింది. గౌరవానికి ఖర్చు లేదు మరి.

రిబ్బను కథ ఇంకా విచిత్రం. అమెరికాలో షార్లెట్ హేలీ అనే ఆమె తన ఇంట్లో కూర్చుని లేత నారింజ రంగు రిబ్బన్లు చేసి పంచింది. ఒక్కో రిబ్బనుతో పాటు ఒక కార్డు. జాతీయ కేన్సర్ సంస్థ బడ్జెట్లో నివారణకి ఖర్చుపెడుతున్నది 5 శాతమేనని, చట్టసభల వాళ్ళని నిద్రలేపమని ఆ కార్డు సారాంశం. 1992లో ఒక పెద్ద పత్రిక, ఒక పెద్ద సౌందర్యసాధనాల కంపెనీ ఆ రిబ్బను తమకిమ్మని అడిగాయి. ఇది వ్యాపారమైపోతుందని ఆమె ఒప్పుకోలేదు. వాళ్ళు రంగు మార్చి గులాబీ చేసుకున్నారు. రిబ్బను మిగిలింది, కార్డు మాయమైంది. అక్టోబరుని రొమ్ము కేన్సర్ నెల చేసిన 1985 నాటి ప్రచారంలో భాగస్వామి కూడా ఒక రసాయనాల కంపెనీ మందుల విభాగమే. ఆ జబ్బుకి వాడే టమాక్సిఫెన్ తయారుచేసింది వాళ్ళే. ఆ నెలంతా మమోగ్రామ్ చేయించుకోండి అనే మాట వినిపించింది గానీ, జబ్బు ఎందుకొస్తోంది అనే మాట అంత గట్టిగా వినపడలేదు.

బార్బరా ఎహ్రెన్‌రైక్ తనకి రొమ్ము కేన్సర్ వచ్చినప్పుడు ఈ గులాబీ సంతోషం మీద 2001లోనే మండిపడింది. అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 1980లో, ఆడ్రీ లార్డ్ కేన్సర్ జర్నల్స్ అచ్చువేసింది. తీసేసిన రొమ్ము స్థానంలో కృత్రిమమైనది పెట్టుకుని ఏమీ జరగనట్టు తిరగమనే ఒత్తిడిని ఆమె రాజకీయ ప్రశ్న చేసింది. మనం ఈ ఇద్దరినీ సెమినార్లలో ఉటంకిస్తాం. కానీ వాళ్ళ ప్రశ్నని మన ఊళ్ళకి తీసుకెళ్ళామా?

మా ఊళ్ళంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. 2016 అక్టోబరులో రెండు జిల్లాలయ్యాయి గానీ అంతకుముందు అన్నీ కరీంనగర్ జిల్లానే. సిరిసిల్లలో మగవాళ్ళు మరమగ్గాల మీద, లేదంటే భీవండిలో. కోరుట్ల, జగిత్యాల మగవాళ్ళు దుబాయిలో, మస్కట్‌లో. ఈ మూడు ఊళ్ళలోనూ ఆడవాళ్ళ ఒళ్ళో చాట. చాటలో తునికాకు, తంబాకు, దారం, కత్తెర. ఆకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టి... పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా. కార్ఖానాలో లెక్కపెట్టి, పనికిరావని కొన్ని తీసిపడేస్తే ఆ నష్టం కూడా ఆమెదే. తంబాకు సంచీ ఉండే గదిలోనే పొయ్యి, అదే గదిలో పిల్లల పక్క. ప్రపంచం మొత్తం మీద గోడలు, గేటు, హాజరుపట్టీ లేని ఆఫీసు ఏదన్నా ఉంటే అది ఇదే. అందుకే కాబోలు దీనికి వర్క్‌ప్లేస్ అనే పేరు రాలేదు.

ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి, చర్మంలోకి పోతుందన్న సంగతి కొత్తదేం కాదు. బీడీ పొగాకు శుద్ధిచేసే కార్మికుల్లో క్రోమోజోముల లోపాలు పెరుగుతున్నాయని ముంబై పరిశోధకులు 1995లోనే ప్రచురించారు. పొగాకు తాగేవాళ్ళ కేన్సర్ గురించి మనకి బోలెడు లెక్కలున్నాయి. చుట్టేవాళ్ళ గురించి అంత శ్రద్ధగా లెక్క తీయలేదు. ఎందుకు తీయలేదో నాకు ఒక కేసుషీటు చెప్పింది.

కోరుట్లలో మా చిన్నమ్మ ముప్పై ఏళ్ళకు పైగా బీడీలు చేసింది. ఆమెకి గర్భాశయ ముఖద్వారం కేన్సర్ అని తేలి హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో చేర్పించినప్పుడు ఆ కాగితం నేను చూశాను. పొగతాగే అలవాటు - లేదు. వృత్తి - హౌస్‌వైఫ్. ఇదేంటి చిన్నమ్మా అంటే, “ఏం పని జేస్తవని ఆ పిల్ల అడగనే లేదు బిడ్డా. ఇంట్లనే ఉంటవా అన్నది. ఆఁ, ఇంట్లనే ఉంట అన్న. రాసుకున్నది” అంది. బీడీలవల్లే ఆమెకి ఆ జబ్బు వచ్చిందని నేను అనను, అనడానికి నాకు ఆధారం లేదు. నేననేది వేరు. వల్లే వచ్చిందో కాదో ఎప్పటికీ ఎవరూ తెలుసుకోలేని విధంగా ఆ కాగితం నింపారు. ఆ ఒక్క మాటతో ముప్పై ఏళ్ళ పొగాకు దుమ్ము రికార్డులోంచి మాయమైంది. ఇంటిపని పని కాదన్న పాత అబద్ధం, ఇంట్లో చేసే కూలిపని కూడా పని కాదనేదాకా సాగింది.

చిన్నమ్మ పక్కన ఆసుపత్రిలో ఉన్నది ఎవరు? ఆమె కూతురు, అంటే మరో బీడీ కార్మికురాలు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆమె చాట ముట్టలేదు, కాబట్టి ఆ నెల కూలి లేదు. రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రి ఆవరణలో ఎప్పుడైనా కాసేపు నిలబడి చూడండి. జిల్లాల నుంచి వచ్చి చాపలు పరుచుకుని కూర్చున్నవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. మగాడికి జబ్బయితే భార్య, భార్యకి జబ్బయితే తల్లో కూతురో చెల్లెలో. రెండు గంటలు నడిచిన ఉద్యోగిది సేవ, ఆరు నెలలు నేలమీద పడుకున్న కూతురిది బాధ్యత. తీరిక ఉన్నవాళ్ళు చేస్తే స్వచ్ఛందం, తప్పించుకోలేనివాళ్ళు చేస్తే స్వభావం. స్త్రీవాదులం ఇన్నేళ్ళుగా తేల్చి చెప్పిన విషయం ఇదే కదా, మరి ఈ రిబ్బన్ల దగ్గర ఎందుకు మెత్తబడుతున్నాం?

బీడీ ఆడవాళ్ళ పేరు మాత్రం అందరికీ కావాలి. 2016 ఏప్రిల్ నుంచి పొగాకు ప్యాకెట్ల మీద 85 శాతం మేర బొమ్మల హెచ్చరిక వేయాలన్నప్పుడు కంపెనీలు లక్షలాది ఆడవాళ్ళ ఉపాధి పోతుందన్నాయి. ఆరోగ్యం గురించి మాట్లాడేవాళ్ళు ఈ పరిశ్రమే మూసేయాలన్నారు. ఇద్దరూ ఆమె గురించే మాట్లాడారు. ఆమెకి వేరే కూలి ఎక్కడుందో ఒకరు చెప్పలేదు, ఆమె ఊపిరితిత్తులకి పరీక్ష ఎవరు చేయిస్తారో మరొకరు చెప్పలేదు. తాగేవాడి కోసం ప్యాకెట్ మీద బొమ్మ ఉంది. చుట్టే ఆమె కోసం తంబాకు సంచీ మీద ఏ బొమ్మా లేదు.

ప్రభుత్వాల సంగతీ ఇంతే. 1976 చట్టాలతో బీడీ కార్మికుల సంక్షేమానికి ఒక సెస్సు, ఒక నిధి ఏర్పడ్డాయి. డిస్పెన్సరీలు, పిల్లల స్కాలర్‌షిప్పులు, కేన్సర్ చికిత్స ఖర్చుల చెల్లింపు ఆ నిధి నుంచే. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు సెస్సు రద్దయింది. 2025 సెప్టెంబరులో బీడీల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించారు. తగ్గించిన దాంట్లో ఒక్క పైసా అయినా చుట్టే చేతుల ఆరోగ్యానికి వెళ్ళాలన్న షరతు లేదు. తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు నెలకి వెయ్యి రూపాయల పింఛను మొదలుపెట్టి, 2019లో 2,016 చేసింది. మంచిదే. కానీ 2014 ఫిబ్రవరి నాటికి పీఎఫ్ ఖాతా ఉన్నవాళ్ళకే అనే గీత గీసింది. పీఎఫ్ లేకుండా, వేరేవాళ్ళ కార్డు మీద చుట్టి ఇచ్చే ఆడవాళ్ళు ఎంతమందో మా ఊళ్ళలో ఏ గల్లీలోనైనా అడగొచ్చు. కాగితం లేని పనికి జబ్బూ లేదు, పింఛనూ లేదు.

అవగాహన అవసరం లేదా అని అడుగుతారు. అవసరమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 30-49 ఏళ్ళ స్త్రీలలో గర్భాశయ ముఖద్వారం పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్ళు 1.9 శాతం, రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్ళు 0.9 శాతం. ముప్పై ఏళ్ళు దాటిన అందరికీ ఈ పరీక్షలు చేయాలని 2016లోనే మార్గదర్శకాలు వచ్చాక కూడా ఇదీ పరిస్థితి. ఇన్ని నడకల తర్వాత కూడా! ఆడవాళ్ళకి తెలియక మాత్రమే పరీక్షకి పోవడం లేదని అనుకోవడం మనకి సులువు. పోతే ఆ రోజు కూలి పోతుంది. పరీక్ష చేసే నర్సు అక్కడ ఉండాలి. గడ్డ ఉందని తేలితే ఆ తర్వాత ఎక్కడికి పోవాలో, చార్జీలు ఎవరిస్తారో తెలియాలి. ఇవేవీ లేని చోట అవగాహన అంటే ఆమె భయానికి ఇంకో పేరు పెట్టడమే.

కంపెనీలకి సొంత చట్టమే ఒక మాట చెప్పింది. 2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు లాభాల సగటులో 2 శాతం సామాజిక బాధ్యతకి ఖర్చుపెట్టాలి. మారథాన్‌ల వంటి ఒక్కరోజు కార్యక్రమాలు ఆ లెక్కలోకి రావని 2014 జూన్‌లో ప్రభుత్వమే సర్క్యులర్ ఇచ్చింది. నడక సేవ కాదని సర్కారు గుమాస్తాకి కూడా తెలుసు, మన హెచ్‌ఆర్ వాళ్ళకి తప్ప.

కాబట్టి నేను కోరేవి చాలా మామూలు విషయాలు. వాలంటీరు గంటల్ని అప్రైజల్లోంచి తీసేయండి. ఉద్యోగికి, ఆ అంతస్తు ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలికి ఒకేలాగ చికిత్సాకాలపు వేతన సెలవు, తిరిగి అదే పని ఇవ్వండి. రోగి పక్కన కూర్చునేవాళ్ళకి సెలవివ్వండి. రిబ్బన్ల డబ్బుతో కోరుట్లలోనో సిరిసిల్లలోనో పరీక్షకి వచ్చిన బీడీ కార్మికురాలికి ఆ రోజు కూలి కట్టివ్వండి. ఇక ప్రభుత్వం. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో కలిసిపోయింది. నలభై దాటిన కార్మికులకి ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష అని ఆ కోడ్‌ల గురించి గొప్పగా చెప్పారు. ఆ పరీక్ష చాట ముందు కూర్చున్న మనిషిదాకా, పీఎఫ్ ఉన్నా లేకపోయినా, వస్తుందా? దానికి జవాబు అడగాల్సింది మనమే.

మనలో రాసేవాళ్ళకీ ఒక మాట. కేన్సర్‌ని ‘జయించిన’ వీరవనితల కథలు మన పత్రికల్లో కూడా చాలా వచ్చాయి. చనిపోయిన ఆమె ఓడిపోయిందనే అర్థం ఆ మాటలోనే ఉంది. మా చిన్నమ్మ ఓడిపోలేదు, ఆమెకి ఆలస్యంగా తెలిసింది. ఆ ఆలస్యానికి బాధ్యులున్నారు. పరిశోధన చేసే మిత్రులు ఎవరైనా ఈ మూడు ఊళ్ళ ఆడవాళ్ళ కేసుషీట్లు తిరగేసి, వృత్తి దగ్గర హౌస్‌వైఫ్ అని ఉన్న ప్రతిచోటా ఆ ఇంటికి వెళ్ళి ఏం పని చేసేదని అడిగితే, అది ఎన్నో నడకల పెట్టు. అడగాల్సిన ప్రశ్న మూడే మాటలు. ఏం పని జేస్తవమ్మా?