గోంగూరా... గుండె మాత్రా!

ఆపరేషనై ఇంటికొచ్చిన మర్నాటి నుంచే వంటింట్లో గోంగూర బంద్. తోటకూర బంద్. చారులో వేసిన కొత్తిమీర కూడా ఏరి పక్కన పెట్టేస్తున్నారు. ఇదేంటని అడిగితే... 'ఆకుకూరలు వద్దన్నారట' అని సమాధానం. అదే ఇంట్లో మోకాళ్లు సలుపుతున్నాయని వీధి చివర మందులషాపులో కొనుక్కొచ్చిన రెండు నొప్పి గోలీలను మాత్రం ఎవర్నీ అడక్కుండా గుటుక్కున మింగేస్తారు. నిజానికి భయపడాల్సింది గోంగూరకు కాదు, ఆ గోలీలకు!

గుండెలో లోహపు కవాటం (అందరూ అనే మాటలో 'వాల్వు') వేసుకున్నవాళ్లు, గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు... వీళ్లందరి మందుల డబ్బాలో ఓ చిన్న మాత్ర ఉంటుంది. ఎసిట్రామ్ కావచ్చు, వార్ఫరిన్ కావచ్చు. 'రక్తం పలుచన చేసే మందు' అని దానికి పేరు. పేరు అలా స్థిరపడిపోయింది కానీ ఆ మాత్ర రక్తాన్ని నీళ్లలా ఏమీ చేయదు. గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. గడ్డకట్టడం మనకు వరమూ శాపమూ కూడా. కూరగాయలు తరుగుతుంటే వేలు తెగితే నెత్తురు ఆగేది దానివల్లే. లోహపు కవాటం మీద పేరుకుని, అక్కడి నుంచి ముక్క ఊడి మెదడుకు చేరి పక్షవాతం తెచ్చేదీ అదే. కాబట్టి ఈ మాత్ర కత్తి మీద సాము లాంటిది. తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం.

మన దగ్గర ఈ మాత్ర వేసుకునేవాళ్లలో వయసు మళ్లినవాళ్లే ఉంటారనుకుంటే పొరపాటు. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలైన రుమాటిక్ జ్వరం కవాటాలను దెబ్బతీస్తే, పాతికా ముప్పై ఏళ్లకే ఆపరేషన్ అవసరమవుతుంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ తయారుచేసిన దేశవాళీ కవాటాన్ని 1990లో తొలిసారి మనిషికి అమర్చారు. దాంతో ఖర్చు కొంత దిగివచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పల్లెల్లోని పేదలకూ ఈ ఆపరేషన్ అందింది. కానీ ఆపరేషన్ ఒక్కరోజు పని. మాత్ర మాత్రం జీవితాంతం. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ వివరంగా చెప్పేంత తీరిక రద్దీ ఆసుపత్రుల్లో ఎక్కడిది?

ఆవులు చెప్పిన రహస్యం

ఈ మందు పుట్టుక వెనక ఓ విచిత్రమైన కథ ఉంది. 1920ల్లో అమెరికా, కెనడాల్లోని పశువుల కొట్టాల్లో ఆవులు ఉన్నట్టుండి చచ్చిపోవడం మొదలైంది. కొమ్ములు కోసినా, చిన్న గాయమైనా రక్తం ఆగేది కాదు. బూజుపట్టిన 'స్వీట్ క్లోవర్' గడ్డి తినడమే కారణమని తేలింది. 1933 శీతకాలంలో ఓ రైతు చచ్చిన దూడనూ, డబ్బానిండా గడ్డకట్టని రక్తాన్నీ బండిలో వేసుకుని మంచుతుపానులో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. అక్కడి శాస్త్రవేత్త కార్ల్ లింక్ బృందం ఏళ్లపాటు శ్రమించి ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరుచేసింది. దాని వంశంలో పుట్టిందే వార్ఫరిన్. 1948లో అది బజారులోకి వచ్చింది ఎలుకల మందుగా! 1954లో మనుషులకు మందైంది. ఆ మరుసటి ఏడాదే గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కీ ఇచ్చారు.

'ఎలుకల మందు ఇస్తున్నారట' అని ఎవరో చెప్పగానే మాత్ర మానేసేవాళ్లున్నారు. ఏ మందుకైనా మోతాదే ప్రాణం. ఉప్పైనా అంతేగా!

గోంగూర మాటేమిటి?

కాలేయం తయారుచేసే కొన్ని పదార్థాలు రక్తాన్ని గడ్డకట్టిస్తాయి. అవి పనిచేయాలంటే విటమిన్ కె కావాలి. ఆకూ వక్కా ఎంతున్నా సున్నం తగలనిదే నోరు పండదు కదా... అలాగన్నమాట. ఎసిట్రామ్, వార్ఫరిన్‌లు చేసే పనల్లా ఆ సున్నాన్ని అందకుండా చేయడమే. విటమిన్ కె ఎక్కువగా ఉండేది ముదురు ఆకుపచ్చ ఆకుకూరల్లో. పాలకూర, తోటకూర, మెంతికూర, మునగాకు, కొత్తిమీర... కాబట్టి ఆకుకూర ఒక్కసారిగా పెరిగితే మాత్ర ప్రభావం తగ్గుతుంది. ఒక్కసారిగా మానేస్తే పెరుగుతుంది.

ఇక్కడ కీలకమైన మాట 'ఒక్కసారిగా'. వైద్యులు చెప్పేది మానేయమని కాదు, మార్చొద్దని. వారానికి రెండుసార్లు ఆకుకూర పప్పు తినే అలవాటుంటే అలాగే తినొచ్చు. ఆ తిండికి తగ్గట్టు డాక్టరే మోతాదు సరిచేస్తారు. చిక్కు ఎక్కడొస్తుందంటే... ఆరు నెలలు ఆకు ముట్టకుండా ఉండి, ఎవరో మంచిదన్నారని రోజూ గ్లాసుడు మునగాకు రసం మొదలుపెట్టినప్పుడు. లేదా కార్తీకమాసంలో వరస ఉపవాసాలున్నప్పుడు. జ్వరమో విరేచనాలో పట్టుకుని నాలుగు రోజులు గంజి మీద ఉన్నా అంతే, మాత్ర ప్రభావం పెరిగిపోవచ్చు. అప్పుడు రక్తపరీక్ష ముందుకు జరపాలి. కూరలో పసుపు, పోపులో వెల్లుల్లి ఎప్పటిలాగే వేసుకోవచ్చు. పసుపు గొట్టాలు, వెల్లుల్లి గొట్టాలు, చేపనూనె గొట్టాలు, ఊరూపేరూ లేని చూర్ణాలు మాత్రం డాక్టర్ని అడక్కుండా వద్దు. మద్యం సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆ అంకె ఎంత?

ఈ మాత్ర వేసుకునేవాళ్లకు పుట్టినతేదీలా గుర్తుండాల్సిన అంకె ఒకటుంది. అదే ఐఎన్ఆర్. రక్తం గడ్డకట్టడానికి మామూలు కంటే ఎంత ఎక్కువ సమయం పడుతోందో ఇది చెబుతుంది. మందు వాడనివాళ్లలో ఇది ఒకటికి అటూఇటుగా ఉంటుంది. గుండె లయ తప్పినవాళ్లకు, కాలిలో గడ్డ వచ్చినవాళ్లకు 2 నుంచి 3 మధ్య ఉండేలా చూస్తారు. ఎడమవైపు మైట్రల్ కవాటం మార్చినవాళ్లకు సాధారణంగా 2.5 నుంచి 3.5. ఎవరి లక్ష్యం ఎంతో వాళ్ల డాక్టర్ని అడిగి, చీటీ మీద రాయించుకోవాలి. 'రిపోర్టు నార్మల్ వచ్చింది' అని సంతోషించే పరీక్ష కాదిది. కవాటం ఉన్నవాళ్లకు ఒకటి వచ్చిందంటే మందు పనిచేయడం లేదని అర్థం!

మొదట్లో కొన్ని రోజులకోసారి, తర్వాత వారానికోసారి, నిలకడ వచ్చాక నెలకోసారి పరీక్ష. నెలనెలా బస్సు ఛార్జీ, కూలి పోగొట్టుకోవడం, ల్యాబు ఖర్చు... అందుకే చాలామంది 'బాగానే ఉన్నాంగా' అని ఎగ్గొడతారు. వాళ్లను తప్పుపట్టడం తేలిక. మండల కేంద్రంలోనే ఈ పరీక్ష అందుబాటులో ఉంటే సగం మంది ఎగ్గొట్టరన్నది కూడా ఆలోచించాలి.

పాత ఐఎన్ఆర్‌లన్నీ తేదీ, మోతాదుతో సహా ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకుంటే డాక్టరుకు సగం పని తగ్గినట్టే. మాత్ర సాయంత్రం ఒకే వేళకు వేసుకోమంటారు. పొద్దున పరీక్ష చేయించుకుంటే ఆ రోజు మోతాదు మార్చడానికి వీలుంటుందని. మర్చిపోతే? అదే రోజు గుర్తొస్తే వేసుకోవాలి. మర్నాడు గుర్తొస్తే వదిలేయాలి. రెండు కలిపి మాత్రం వేసుకోకూడదు. మరో సంగతి... ఒక మిల్లీగ్రాము, రెండు, మూడు, నాలుగు ఇలా ఎసిట్రామ్ రకరకాల బలాల్లో వస్తుంది. షాపువాడు తొందరలో ఒకటి బదులు నాలుగిస్తే కొంప మునుగుతుంది. 'అత్తయ్యా, ఈసారి పట్టీ వేరుగా ఉందే' అని కోడలు గమనించి అడిగితే విసుక్కోవద్దు. పట్టీ మీది అంకె చూడాల్సిందే. ఎసిట్రామ్ దొరకలేదని అదే మోతాదులో వార్ఫరిన్ ఇచ్చినా తీసుకోకూడదు. రెండిటి లెక్కా వేరు.

ఆర్ఎంపీ ఇంజెక్షన్

జ్వరం రాగానే పిరుదుకో సూది వేయించుకోవడం ఊళ్లలో అలవాటు. ఈ మాత్ర వాడేవాళ్లకు కండలోకి వేసే సూది వల్ల లోపల్లోపలే రక్తం చేరి పెద్ద గడ్డలా వాచిపోవచ్చు. అందుకే సూది ఎత్తేలోపే 'వాల్వు మాత్ర వాడుతున్నా' అని చెప్పాలి.

నొప్పి గోలీల సంగతి మొదట్లోనే వచ్చింది. డైక్లోఫినాక్, బ్రూఫెన్ లాంటివి కడుపులో పుండు చేస్తాయి. అసలే రక్తం గడ్డకట్టని మనిషికి పుండు తోడైతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. నొప్పికైనా జ్వరానికైనా పారాసిటమాల్ మేలు. అదీ రోజుల తరబడి నిండు మోతాదులో వాడాల్సి వస్తే ఐఎన్ఆర్ చూపించుకోవాలి. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్, సెప్ట్రాన్, తామరకు వాడే ఫ్లూకొనజోల్ ఐఎన్ఆర్‌ను ఎగదోస్తాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఉల్టా... కిందికి లాగేస్తుంది. ఎకోస్ప్రిన్‌నూ రక్తం పలుచన మందే అంటారు కానీ దాని దారి వేరు. దానికి ఐఎన్ఆర్ పరీక్ష ఉండదు. డాక్టరు రెండూ రాస్తే రెండూ వాడాలి. సొంతంగా ఒకదానికి ఇంకొకటి కలపకూడదు. పన్ను పీకించుకోవాలన్నా అంతే. 'రక్తం ఆగదేమో' అని మాత్ర సొంతంగా ఆపేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. దంత వైద్యుడికీ గుండె వైద్యుడికీ ముందే చెబితే, చాలాసార్లు మాత్ర ఆపకుండానే ఐఎన్ఆర్ చూసుకుని పన్ను తీస్తారు.

ఎప్పుడు పరుగెత్తాలి?

తారులా నల్లటి విరేచనం. ఎర్రటి మూత్రం. పది నిమిషాలు నొక్కిపట్టినా ఆగని ముక్కు రక్తం. దెబ్బ తగలకుండానే ఒంటి మీద నల్లని మచ్చలు. నెలసరిలో ఎన్నడూ లేనంత రక్తస్రావం. వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి. స్నానాలగదిలో జారి తలకు దెబ్బ తగిలితే, పైకి బొప్పి కూడా కట్టకపోయినా సరే వెళ్లాలి. లోపల నెమ్మదిగా రక్తం చేరి గంటల తర్వాత మగత కమ్మవచ్చు.

గడ్డ సూచనలు వేరు. మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి పడిపోవడం. లోహపు కవాటం ఉన్నవాళ్లకు మరో గుర్తుంది. రాత్రి నిశ్శబ్దంలో పక్కన పడుకున్నవాళ్లకు కూడా గుండెలోంచి గడియారంలా 'టిక్ టిక్' వినిపిస్తుంది. ఆ చప్పుడు మందగించినా, వినిపించకపోయినా, దానితో పాటు ఆయాసం మొదలైనా తెల్లారేదాకా ఆగకూడదు.

దాచిపెట్టే మాత్ర

కవాటం ఆపరేషనైన అమ్మాయికి పెళ్లి చేసేటప్పుడు ఆ సంగతి అత్తింటివాళ్లకు చెప్పని తల్లిదండ్రులున్నారు. వాళ్ల భయం అర్థమవుతుంది. కానీ ఆ అమ్మాయి మాత్రను దొంగచాటుగా వేసుకోవాలి, పరీక్షకు అబద్ధం చెప్పి వెళ్లాలి. అన్నిటికంటే ముఖ్యం గర్భం. వార్ఫరిన్, ఎసిట్రామ్‌లు ఆరో వారం నుంచి పన్నెండో వారం మధ్య గర్భంలోని బిడ్డకు హాని చేయగలవు. ఆ భయంతో మాత్ర ఆపేస్తే కవాటం మీద గడ్డకట్టి తల్లి ప్రాణానికే ముప్పు. అందుకే బిడ్డను కనాలనుకోకముందే డాక్టర్ని కలవాలి. మోతాదును బట్టి మాత్ర కొనసాగించాలా, కొన్నాళ్లు హెపారిన్ ఇంజెక్షన్లకు మారాలా అన్నది వాళ్లు నిర్ణయిస్తారు. భర్తకు తెలియకుండా ఇదంతా ఎలా సాధ్యం?

పరీక్ష లేని మాత్రలు

ఐఎన్ఆర్ బెడద లేని డాబిగాట్రాన్, రివరోక్సాబాన్, అపిక్సాబాన్ లాంటి మాత్రలు వచ్చాయి. గుండె లయ తప్పినవాళ్లకూ, కాలి గడ్డలకూ ఇవి ఎంతో వెసులుబాటు. తిండి పట్టింపూ పెద్దగా ఉండదు. కానీ 'మా పక్కింటాయన అదే వాడుతున్నాడు, నాకూ రాయండి' అనడానికి లేదు. లోహపు కవాటాల మీద డాబిగాట్రాన్‌ను పరీక్షించినప్పుడు గడ్డలూ, రక్తస్రావాలూ రెండూ ఎక్కువయ్యాయి. ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. రుమాటిక్ కవాట జబ్బుతో లయ తప్పినవాళ్లలో రివరోక్సాబాన్ కంటే పాత మాత్రలే మేలని 2022లో ఇన్‌విక్టస్ అనే అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. మన దగ్గర రుమాటిక్ జబ్బు ఎక్కువ కాబట్టి ఇది మనకే ఎక్కువ వర్తిస్తుంది. ఇక కొత్త మాత్రల ప్రభావం ఒక్కరోజులోనే దిగిపోతుంది. రెండు పూటలు మర్చిపోతే రక్షణ లేనట్టే. మూత్రపిండాల పనితీరూ అప్పుడప్పుడూ చూపించుకోవాలి. రివరోక్సాబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రల్ని అన్నంతోపాటే వేసుకోవాలి, పరగడుపున కాదు.

కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు ఒక మాట. ఎసిట్రామ్ అక్కడి షాపుల్లో అమ్మరు. ఉన్నన్నాళ్లకూ సరిపడా మాత్రలు, మందు పేరు స్పష్టంగా రాసిన చీటీ, ఐఎన్ఆర్ పుస్తకం చేతి సంచిలోనే ఉండాలి. పెట్టెలో పెడితే, ఆ పెట్టె వేరే ఊరికి వెళ్లిందనుకోండి... పచ్చళ్లంటే అక్కడా కొనుక్కోవచ్చు!