సెలవుల్లో చదవాల్సిన రెండు నవలలు

కారేపల్లి చుట్టుపక్కల తండాలు, గూడేల నుంచి వచ్చి హాస్టళ్లలో చదివే మనం పండుగ సెలవులకే ఇల్లు చూస్తాం. చదువు పెరిగేకొద్దీ అమ్మానాన్నలతో మాటలు తగ్గుతున్నాయి. అందుకే ఈ రెండు నవలలు చదవమంటున్నాం.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ‘కొండపొలం’ (2019)లో ఇంజనీరింగ్ చదివీ ఉద్యోగం దొరకని రవి, కరువుకాలంలో తండ్రి వెంట గొర్రెలు తోలుకుని నల్లమలకు పోతాడు. పట్నంలో రాని ధైర్యం నాన్న పక్కన అడవిలో వస్తుంది.

అలెక్స్ హేలీ ‘రూట్స్’ (1976)ను సహవాసి గారు ‘ఏడుతరాలు’గా తెలుగులోకి తెచ్చారు. అందులో అమ్మమ్మ చెప్పిన మాటలే ఆధారంగా రచయిత ఆఫ్రికాలో పూర్వీకుల ఊరు చేరతాడు.

మన అమ్మమ్మలనూ అడుగుదాం. వాళ్లకు అక్షరాలు రాకున్నా మన ఇంటి చరిత్ర వాళ్లకే తెలుసు. గైడ్ల పక్కన ఈ నవలలకూ హాస్టల్ బీరువాలో చోటివ్వాలని కోరుతున్నాం.