శనివారపు దెబ్బకు సోమవారపు వైద్యమా?



మా దొడ్డబళ్ళాపురము మరమగ్గముల ఊరు. పట్టునేతను నమ్ముకొని తరతరములుగా ఇచ్చట కాపురమున్న తెలుగు కుటుంబములు పెక్కు గలవు. ఆడుచున్న మగ్గము నుండి నాడె ఎగిరి కంటికి తగులుట నేతవారికి తెలియని ప్రమాదము కాదు. నాడె కొనలకు ఇనుప మొనలుండును గదా!

కనుగ్రుడ్డు చిట్లినచో 24 గంటలలోగా కుట్టువేయుట మేలని నేత్రవైద్యులు చెప్పుదురు. ఆలస్యమైన కొలది లోపల చీముపట్టి చూపుపోవు భయము హెచ్చును. దెబ్బకు రెటీనా ఊడుటయు అట్టిదే. నడిమి చూపునిచ్చు భాగము అంటుకొనియుండగనే శస్త్రచికిత్స జరిగినచో ఆ చూపు దక్కును. అదియు ఊడిన పిమ్మట పూర్తిగా తిరిగివచ్చునని ఎవరును హామీ ఇయ్యలేరు.

శనివారము రాత్రి 8 గంటలకు దెబ్బ తగిలినదనుకొందము. రోగి చేరిన చోట ఆదివారము నిపుణుడు లేనిచో, సోమవారము ఉదయము 10 గంటలకు ఆయన వచ్చుసరికి 38 గంటలు గడచును. అదే దెబ్బ మంగళవారము తగిలినచో మరునాటికే కుట్లు పడును. దెబ్బ ఒక్కటే, తగిలిన రోజే వేరు.

వైద్యులకు విశ్రాంతి వలదనుట నా అభిప్రాయము కాదు. నిపుణుడొక్కడున్న చాలదు, మత్తు డాక్టరు, నర్సు, ఆపరేషను గది సిద్ధముగా నుండవలెను. ప్రతి తాలూకాలో ఇవన్నియు ఆదివారము నిలుపుట కష్టమే. కాని బెంగుళూరు మాకు సుమారు 40 కిలోమీటర్ల దూరమే. అచ్చట 1896లో స్థాపితమైన మింటో కంటి ఆసుపత్రి దీపావళి సెలవులలో బాణసంచా దెబ్బలు తిన్నవారికి రేయింబవళ్ళు వైద్యము చేయుచున్నది. ముందుగా వంతులు వేసికొన్నచో సెలవు దినమునను పని సాగుననుటకు ఇదియే నిదర్శనము.

కనుక నగరములోని ప్రభుత్వ, ప్రైవేటు కంటి ఆసుపత్రులు కలిసి ప్రతి శని, ఆదివారములకు వంతులు నిర్ణయించి, ఆ పట్టికను, ఫోను నంబరును ప్రతి తాలూకా ఆసుపత్రి గుమ్మమున అంటించవలెను. 108 వాహనము వారికిని ఈయవలెను. శనివారము వచ్చినవారు ఎన్ని గంటలు వేచిరో, మంగళవారము వచ్చినవారు ఎన్ని గంటలు వేచిరో నెలనెలా ప్రకటించినచో లోపమెచ్చటనున్నదో తేలిపోవును.

మన వంతు కూడ కలదు. చిట్లిన కంటిని నలుపరాదు. పసరుగాని, చనుబాలుగాని పోయరాదు. ఒత్తిడి తగులకుండ కప్పి వెంటనే బయలుదేరవలెను. "సోమవారము చూతము" అను మాట ఇంటివారు అనరాదు, ఆసుపత్రివారును అనరాదు.

ఇట్లు,
ఒక నేత కుటుంబీకుడు,
దొడ్డబళ్ళాపురము