బూజు చేయగల మేలు

దేశ రాజధానిలో వ్యవసాయాన్ని గురించి సాగే చర్చలు సాధారణంగా గిట్టుబాటు ధర చుట్టూ, ఎరువుల సబ్సిడీ చుట్టూ తిరుగుతుంటాయి. పైరును తినే పురుగు ప్రస్తావన ఎక్కడో రైతులు ప్రాణాలు తీసుకున్నప్పుడు గాని రాదు. అందుకే ఈ వారం నా దృష్టిని ఢిల్లీ నుంచి రాయపూర్ వైపు మళ్లిస్తున్నాను.

రాయపూర్ సమీపాన బరోండాలో భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన జాతీయ జైవిక ఒత్తిడి నిర్వహణ సంస్థ ఉన్నది. 2012 అక్టోబరులో శంకుస్థాపన జరుగగా, 2021 సెప్టెంబరు 28న ప్రధాని దాని ప్రాంగణాన్ని జాతికి అంకితం చేశారు. చీడపీడలపైన, కలుపుపైన మూల పరిశోధన దాని బాధ్యత. ఛత్తీస్‌గఢ్ ప్రధానంగా వరి పండించే రాష్ట్రమే. అయినా సంస్థ జాతీయమైనది గనుక, పత్తి రైతుకూ దానిపై హక్కున్నది.

1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలోను, 1997-98లో వరంగల్లులోను జరిగిన దారుణాలను తెలుగువారు మరువలేరు. మందు కొట్టినకొద్దీ పురుగు మొండికెత్తింది, అప్పులు మిగిలినవి. ఎర్రనల్లి కథ కూడా ఇటువంటిదే. అది కీటకం కాదు, ఎనిమిది కాళ్లతో సాలీడు జాతికి చెందినది. పైరెత్రాయిడు మందులు దానిని తినే మిత్రజీవులను చంపివేయగా, అది నిశ్చింతగా వృద్ధి చెందుతుంది. 2002లో వచ్చిన బీటీ పత్తి కాయతొలుచు పురుగుల కోసం ఉద్దేశించినదే గాని నల్లిపై పనిచేయదు.

అయితే నల్లికి ప్రకృతిలోనే ఒక మృత్యువు ఉన్నది. అది బూజు. దాని బీజం నల్లి ఒంటికి అంటుకొని, మొలకెత్తి, లోపలికి చొచ్చుకొని చంపుతుంది. 1998లో కేరళ కొబ్బరిని నల్లి పీడించినప్పుడు బెంగళూరు శాస్త్రజ్ఞులు హిర్సుటెల్లా అనే బూజును ఆయుధంగా మలిచారు. 1999లో బ్రెజిల్ నుంచి తెచ్చిన మరొక బూజును కర్రపెండలం నల్లిపై ఆఫ్రికాలోని బెనిన్‌లో వదిలారు.

ఇంతకన్న ఆలోచింపదగినది అమెరికాలోని ఆర్కాన్సాస్ అనుభవం. అక్కడ 1993 నుంచి పత్తి రైతులు పంపిన పేనుబంకను విశ్వవిద్యాలయం సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, బూజు సోకివుంటే పిచికారీ అక్కరలేదని తెలియజేయసాగింది. మందు అమ్మడం కాదు, మందు మానమని చెప్పడం!

ఇందులో చిక్కులు లేకపోలేదు. నల్లి పొడి వేడిలో పెరుగుతుంది. బూజుకు తేమ కావాలి. ఎండకు కాగే రేకుల కొట్టులో నిలవవున్న ప్యాకెట్టులో బీజాలు చచ్చిపోవచ్చును. తెగుళ్లకు కొట్టే శిలీంధ్రనాశకాలు ఈ మిత్రబూజునూ హతమార్చగలవు. ఈ చిక్కులను విప్పవలసింది చిన్నరైతు కాదు, ప్రభుత్వ శాస్త్రజ్ఞులు.

నా మనవి ఒక్కటే. రాయపూర్‌లోని విజ్ఞానం పత్రాలలో నిలిచిపోరాదు. గుంటూరు, వరంగల్లు, ఆదిలాబాదు వంటి పత్తి ప్రాంతాలలో రైతు తెచ్చిన ఆకును చూచి, మర్నాటికల్లా కొట్టాలో ఆగాలో చెప్పే కేంద్రాలను కృషిభవన్ నెలకొల్పాలి. ఒక సూక్ష్మదర్శిని, దానిని వాడనేర్చిన ఒక మనిషి: అందుకయ్యే ఖర్చు, ఒక ఊరి రైతులు అనవసరంగా కొట్టే మందుల ఖర్చును మించదని నా నమ్మకం.